వండుకోరు, కొనుక్కోరు, అడగరు: ఇంగ్లండ్‌లో ఒక బౌద్ధ సంఘం ఎలా నడుస్తోంది

భోజనం వేళకు ఒక గిన్నెలో గింజల ద్రాక్ష, టమాటాలు, నాలుగు బత్తాయిలు పెట్టి భిక్షువు ముందుకు తెస్తారు. ఆయన పాత బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీలో ‘కప్పియం కరోహి’ అంటాడు, అంటే తినదగ్గట్టు చెయ్యమని. గిన్నె తెచ్చిన మనిషి ఒక పండుకు చాకుతో చిన్న గాటు పెట్టి ‘కప్పియం భంతే’ అంటాడు. పళ్లు ఒకదానికొకటి తగులుతూ ఉంటే ఆ ఒక్క గాటు గిన్నె మొత్తానికీ చెల్లుతుంది. పది సెకన్లలో తతంగం అయిపోతుంది.

మొలకెత్తే గింజకు భిక్షువు తన చేత్తో హాని చేయకూడదని నియమం. బుద్ధుడి కాలంలో చెట్టుచేమల్లో జీవం ఉందని జనం నమ్మేవాళ్లు. భిక్షువులే చెట్లు నరుకుతుంటే వాళ్లు నొచ్చుకున్నారని, అందుకే ఈ నియమం వచ్చిందని భిక్షువుల నియమావళి అయిన వినయ గ్రంథం చెబుతుంది. సరే, ఆ కాలం వేరు. కానీ లండన్‌కు గంట దూరంలో, హెర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో ఉన్న అమరావతి అనే మఠంలో ఇవాళ్టికీ ఇదే పద్ధతి. చూసినవాళ్లకు చాదస్తం అనిపిస్తే అందులో వింతేమీ లేదు.

ఇలాంటి చాదస్తాలు ఇంకా చాలా ఉన్నాయి. థాయిలాండ్, శ్రీలంక, బర్మాల్లో ఉన్న థేరవాద శాఖ భిక్షువుకు 227 నియమాలు. డబ్బు తీసుకోకూడదు, వాడకూడదు. తిండి తను వండుకోకూడదు. ఇవాళ వచ్చింది రేపటికి దాచుకోకూడదు. మధ్యాహ్నం దాటాక తినకూడదు. నేల తవ్వకూడదు, కాబట్టి కూరగాయలు పండించుకునే దారీ లేదు. మంచినీళ్లు, పళ్లు తోముకునే పుల్ల తప్ప, ఇంకొకరు చేతికి అందించనిది ఏదీ నోట్లో పెట్టుకోకూడదు. జబ్బు చేస్తేనో, ‘ఏం కావాలన్నా అడగండి’ అని ఎవరైనా ముందే చెప్పి ఉంటేనో తప్ప తిండి కోసం నోరు విప్పి అడగకూడదు.

విడివిడిగా చూస్తే ఒక్కోటీ ఒక్కో నిగ్రహం. అన్నీ కలిపి లెక్క వేస్తే తేలేది ఒకటే: ఈ మనిషి ఇంకో మనిషి సాయం లేకుండా ఒక్క రోజు గడపలేడు. సన్న్యాసం అనగానే మనకు ఎక్కడో హిమాలయాల గుహలో ఒంటరిగా కూర్చున్న ముని గుర్తొస్తాడు. వినయ నియమాలు ఆ దారి మూసేశాయి. ఇల్లు వదిలిపొమ్మన్నాయి గానీ ఊరిని వదిలిపోనివ్వలేదు. ఒంటిని కష్టపెట్టడానికే పెట్టిన నియమాలైతే ఉపవాసాలు చేయిస్తే సరిపోయేది, ఇంత తంటా ఎందుకు? భిక్షువు, గృహస్థు రోజూ ఒకరి ముఖం ఒకరు చూడక తప్పని ఏర్పాటు ఇది. ఒక బౌద్ధ సంఘం లోపల బతుకు ఎలా ఉంటుందో అర్థం కావాలంటే ధ్యానం కంటే ముందు ఈ ఏర్పాటును చూడాలని నా అభిప్రాయం.

పుట్టుకతో బౌద్ధులున్న థాయి పల్లెలో ఇది నడవడంలో ఆశ్చర్యం లేదు. తెల్లారేసరికి భిక్షువులు వరసగా వస్తారని ప్రతి ఇంటికీ తెలుసు, అన్నం సిద్ధంగా ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి ఇంగ్లండ్‌లో పెడితే? 1977లో ఆ పరీక్షే జరిగింది.

ఈశాన్య థాయిలాండ్‌లోని ఉబోన్ ప్రాంతంలో అజాన్ చా అనే గురువు ఉండేవారు (థాయి భాషలో అజాన్ అంటే గురువు). 1954లో అడవిలో వాట్ నాంగ్ పా పాంగ్ అనే మఠం పెట్టారు. ఆయన దగ్గర చేరిన అమెరికన్ శిష్యుడు అజాన్ సుమేధో. నౌకాదళంలో పనిచేసి, 1967లో భిక్షువయ్యాడు. విదేశీ శిష్యుల కోసమే 1975లో వాట్ పా నానాచాట్ మొదలైంది. లండన్‌లో 1956 నుంచి ఇంగ్లిష్ సంఘ ట్రస్ట్ అనే సంస్థ ఉంది. ఇంగ్లండ్ గడ్డ మీద భిక్షు సంఘం నిలబడాలన్నది దాని కోరిక. ట్రస్టు ఆస్తి అయితే ఉంది గానీ అందులో నిలిచే భిక్షువులే లేకుండా పోయారు. ఆ ట్రస్టు పిలుపు మీద 1977లో గురుశిష్యులు లండన్‌లో హాంప్‌స్టెడ్‌లోని చిన్న విహారానికి వచ్చారు. అజాన్ చా తిరిగి వెళ్తూ శిష్యులను అక్కడే ఉంచి, రోజూ పాత్ర పట్టుకుని భిక్షాటనకు వెళ్లమన్నారు. ఎవరూ పెట్టరని తెలిసి కూడా.

నిజంగానే ఎవరూ పెట్టలేదు. గుండు, కాషాయం, చేతిలో ఇనప పాత్ర. హాంప్‌స్టెడ్ హీత్‌లో కుక్కల్ని తిప్పుకునేవాళ్లకు వీళ్లెవరో, ఎందుకు నడుస్తున్నారో తెలియదు. అయితే 1978లో ఒకరోజు ఆ పార్కులో జాగింగ్ చేస్తున్న ఒకాయన ఆగి పలకరించాడు. ఆయన బౌద్ధుడు కాదు. వెస్ట్ సస్సెక్స్‌లో పాడైపోతున్న ఒక పాత అడవిని బాగుచేయాలని కొన్నాడు, ఒక్కడి వల్ల కావడం లేదు. వీళ్లు అడవి భిక్షువులని విన్నాక, వందెకరాలకు పైగా ఉన్న ఆ హ్యామర్ వుడ్‌ను సంఘానికి ఇచ్చేశాడు. దాని పక్కనే చిట్‌హర్స్ట్‌లో శిథిలమైన ఒక పెద్ద ఇల్లు అమ్మకానికి వస్తే 1979లో ట్రస్టు కొన్నది. అక్కడ మొదటి మఠం. చోటు చాలక 1984లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో మూతపడ్డ ఒక పాత స్కూలు, దాని చెక్క భవనాలు తీసుకున్నారు. దానికి అమరావతి అని పేరు పెట్టారు.

పేరు మన ఊరిదే అనుకుని మురిసిపోనక్కర్లేదు. బుద్ధవంశం అనే పాళీ గ్రంథంలో గౌతముడి పూర్వజన్మ అయిన సుమేధుడు ఉండే నగరం అమరావతి. సుమేధో పెట్టిన మఠానికి ఆ పేరు కుదిరింది. అయినా తెలుగువాళ్లకు ఇక్కడ ఒక లంకె లేకపోలేదు. కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపం నుంచి తరలిపోయిన శిల్పాలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ స్తూపానికి రాళ్లు ఎవరిచ్చారని శాసనాలు చదివితే రాజుల కంటే మామూలు జనమే ఎక్కువ కనిపిస్తారు. విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకం ఇచ్చాడు. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఎక్కడి నుంచో వచ్చిన భిక్షువులను స్థానికులు పోషించడం అన్న సంగతి ఇంగ్లండ్ కొత్తగా కనిపెట్టింది కాదు. మన దగ్గర అది పదిహేడు, పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే రాళ్ల మీద ఉంది. ఆ తర్వాత మనం దాన్ని మరచిపోయాం, అంతే.

ఇక తిండి సంగతి. వెనకట పేద విద్యార్థులు మన ఊళ్లలో వారాలు చేసుకుని చదువుకునేవాళ్లు: సోమవారం కరణంగారింట్లో, మంగళవారం మేష్టారింట్లో. పైకి చూస్తే మఠంలో జరిగేదీ అదే. పెట్టేవాళ్లు మాత్రం వంతుల కోసం పోటీ పడతారు. పుట్టినరోజు, తల్లి వర్ధంతి, ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రోజు, ఇలా ఏదో ఒకటి పెట్టుకుని లండన్ చుట్టుపక్కల థాయి, శ్రీలంక, బర్మా కుటుంబాలు పెద్ద పెద్ద డబ్బాల్లో వండిన కూరలు, అన్నం కారులో వేసుకుని పదింటికల్లా వచ్చేస్తాయి. ఎవరూ రాని రోజుకు ముందే ఇచ్చిన బియ్యం, పప్పులు, కూరగాయలు వంటింట్లో ఉంటాయి. వాటిని వండేది అక్కడ ఉంటున్న గృహస్థులు, దీక్షకు ముందు దశలో తెల్లబట్టలు కట్టుకుని ఉండే అనాగారికులు. భిక్షువులు, సన్న్యాసినులు, అతిథులు అందరూ వరసలో వడ్డించుకుంటారు. రోజుకు ఒక ప్రధాన భోజనం, మధ్యాహ్నం లోపల. ఆ తర్వాత దాతలకు ఆశీర్వాద గాథలు చదువుతారు. కొన్ని నిమిషాలే, కానీ చాలామంది దాతలు దానికోసమే ఊరు దాటి వస్తారు. గిన్నెలు తోమేటప్పుడే వాళ్ల అసలు కబుర్లు మొదలవుతాయి.

మధ్యాహ్నం తర్వాత ఏం తింటారన్న ప్రశ్న కూడా ఉంటుంది. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం లాంటివి మందుగా ఏడు రోజులు దగ్గరుంచుకోవచ్చని వినయంలోనే ఉంది. అజాన్ చా శిష్య పరంపర చీజ్‌ను, పాలు కలవని చాక్లెట్‌ను కూడా ఆ జాబితాలోకి తెచ్చింది. దీని మీద పండితుల తగవులున్నాయి. చలిదేశంలో సాయంత్రం ఆరింటికి ఒక ముక్క డార్క్ చాక్లెట్ తినే భిక్షువును తప్పుపట్టడం నా వల్ల కాదు.

డబ్బు ముట్టుకోకపోతే కరెంటు బిల్లు ఎవరు కడతారు? ట్రస్టు కడుతుంది. ఆస్తి, బ్యాంకు ఖాతా, మరమ్మతులు, అన్నీ గృహస్థుల చేతిలోని ట్రస్టు చూసుకుంటుంది. భిక్షువుకు కొత్త కళ్లజోడు కావాలంటే చెప్పాల్సిన మనిషికి చెబుతాడు, ఆ మనిషి కొని తెస్తాడు. ఆధునిక చట్టం కోసం చేసిన సర్దుబాటులా అనిపిస్తుంది గానీ దీని మూలం వినయంలోనే ఉంది. ఒక దాత చీవరం (భిక్షువు కట్టుకునే వస్త్రం) కోసం డబ్బు పంపితే భిక్షువు తీసుకోకుండా ఒక సేవకుణ్ని చూపించవచ్చు. ఆ సేవకుడు మరిచిపోతే మూడుసార్లు గుర్తు చేయొచ్చు. అప్పటికీ పని కాకపోతే ఆరుసార్లు వరకు వెళ్లి, ఏమీ అనకుండా అతని ఎదుట నిలబడవచ్చు. అంతకు మించి ఒత్తిడి చేస్తే తప్పు. అప్పటికీ రాకపోతే దాత దగ్గరకెళ్లి ‘నువ్వు పంపిన సొమ్ము నాకు ఉపయోగపడలేదు, తిరిగి తీసుకో’ అని చెప్పాలి. మాట్లాడకుండా వెళ్లి నిలబడటం ఎంత గట్టి ఒత్తిడో అప్పు వసూలుకు తిరిగిన ప్రతివాడికీ తెలుసు. దానికి కూడా ఇన్నిసార్లే అని హద్దు గీసిన మనిషికి లోకం బాగా తెలుసు.

ఈ ఆధారపడటం ఎంత దూరం తీసుకెళ్తుందో 1983లో ఒక నడక చూపించింది. అజాన్ అమరో అనే ఇంగ్లిష్ భిక్షువు ఒక తోడుతో చిట్‌హర్స్ట్ నుంచి ఉత్తరాన నార్తంబర్లాండ్‌లోని హార్న్‌హమ్ మఠానికి 830 మైళ్లు నడిచాడు. జేబులో పైసా లేదు, దారిలో ఎవరైనా పెడితే తిండి. ఆయనే 2010 నుంచి అమరావతికి మఠాధిపతి.

మఠం లోపల ఒకరికొకరు ఎలా ఉంటారన్నది ఇంకో కథ, నా దృష్టిలో ఇదే కీలకం. కొత్త భిక్షువు కనీసం ఐదేళ్లు ఒక గురువు నీడన ఉండాలి. గురువు తండ్రి, శిష్యుడు కొడుకు అన్నట్టు చూసుకోవాలని వినయం అంటుంది. శిష్యుడు గురువు పాత్ర కడుగుతాడు, చీవరం మడత పెడతాడు. మన గురుకులాల్లోనూ ఇంతవరకు ఉంది. శిష్యుడికి జబ్బు చేస్తే అవే పనులు గురువు చేయాలని అక్కడ రాసి ఉంది, మనం గమనించాల్సింది అది. బుద్ధుడు ఒకసారి విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న భిక్షువును చూశాడట. ‘ఇతను మాకేమీ చేయడు కాబట్టి మేమూ పట్టించుకోలేదు’ అన్నారు తోటివాళ్లు. బుద్ధుడు, ఆనందుడు కలిసి ఆ మనిషిని కడిగి మంచమ్మీద పడుకోబెట్టారు. తర్వాత బుద్ధుడు సంఘాన్ని పిలిచి, మీకిక్కడ తల్లి లేదు, తండ్రి లేడు, మీలో మీరు చూసుకోకపోతే ఎవరు చూస్తారు, నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలి అన్నాడు. 

అజాన్ చా విషయంలో ఈ మాట అక్షరాలా పాటించారు. 1980ల మొదట్లో ఆయన ఆరోగ్యం దెబ్బతిని, మాట పడిపోయి, కదల్లేని స్థితికి వచ్చారు. 1992 జనవరిలో చనిపోయేదాకా ఏళ్ల తరబడి శిష్యులే వంతులు వేసుకుని ఆయన్ను తిప్పి పడుకోబెట్టారు, కడిగారు, తినిపించారు. అక్కడ సేవ చేసిన కుర్ర భిక్షువుల్లో చాలామందికి ఆయన గొంతే తెలియదు.

సంఘంలో పడకపోవడాలు లేవనుకోకండి. ఇష్టం లేని మనిషి పక్కన ఇరవై ఏళ్లు కూర్చుని తినాల్సి రావడం మామూలు పరీక్ష కాదు. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో దీక్ష తీసుకున్న తేదీ నిర్ణయిస్తుంది. చదువు, వయసు, డబ్బు, దేశం లెక్కలోకి రావు. దీనికి విరుగుడుగా పదిహేను రోజులకోసారి, పున్నమికీ అమావాస్యకీ, భిక్షువులు ఇద్దరిద్దరు కూర్చుని ఏ నియమం తప్పారో ఒకరికొకరు చెప్పుకుంటారు. తర్వాత ఒకాయన 227 నియమాలూ కంఠతా చదువుతాడు. వర్షావాసం మూడు నెలలు, ఆషాఢ పున్నమి నుంచి ఆశ్వయుజ పున్నమి దాకా, ఒకేచోట ఉండి గడిపాక పవారణ అనే కర్మ ఉంటుంది. అందులో ప్రతి భిక్షువూ, పెద్దాయనతో మొదలుపెట్టి, చేతులు జోడించి సంఘాన్ని వేడుకుంటాడు: నా విషయంలో మీరు చూసింది గానీ, విన్నది గానీ, అనుమానించింది గానీ ఉంటే దయచేసి చెప్పండి, దిద్దుకుంటాను. మూడుసార్లు. మఠాధిపతీ అలాగే అడగాలి. ఆఫీసుల్లో ఏడాదికోసారి జరిగే అప్రైజల్‌లో బాసు అందరికంటే ముందు లేచి ఈ మాట అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నిజం చెప్పాలంటే చాలా పవారణల్లో ఎవరూ ఏమీ అనరు. అయినా అడిగే తలుపు ఒకటి ఉందన్న సంగతి అందరికీ తెలిసి ఉండటం చిన్న విషయం కాదు.

నిర్ణయాలూ అంతే. దీక్ష ఇవ్వాలంటే ప్రతిపాదన ఒకసారి, ప్రకటన మూడుసార్లు చదువుతారు. మౌనం అంటే ఒప్పుకున్నట్టు. కూర్చున్నవాళ్లలో ఒక్కరు నోరు విప్పి వద్దన్నా ఆగిపోతుంది.

ఇంగ్లండ్ వాతావరణం ఈ క్యాలెండర్‌కు ఒక చేర్పు చేసింది. అక్కడ వానలకు ఒక కాలమంటూ లేదు కాబట్టి, వర్షావాసంతో పాటు జనవరి నుంచి మార్చి వరకు శీతాకాల మౌన సాధన పెట్టుకున్నారు. ఆ మూడు నెలలూ వంట, ఫోన్లు, కట్టెల పొయ్యి చూసుకోవడానికి గృహస్థులు ఉద్యోగాలకు సెలవు పెట్టి వచ్చి మఠంలో ఉంటారు. కొందరు ఏటా వస్తారు. భిక్షువులు కళ్లు మూసుకుని కూర్చుంటే వీళ్లు ఉల్లిపాయలు తరుగుతారు. ఎవరి సాధన గొప్పది అని అడిగితే ఎవరూ సమాధానం చెప్పరు.

గృహస్థులకు ఇందులో ఏం దక్కుతుంది? ఇక్కడ రెండు రకాల జనం కనిపిస్తారు, వాళ్ల లెక్కలు వేరు. థాయి, సింహళ కుటుంబాలు పుణ్యం కోసం, పోయినవాళ్ల పేరు మీద, పిల్లలకు తమ భాష, నమస్కారం అలవాటు చేయడానికి వస్తారు. ధ్యానం వాళ్లకు అంత ముఖ్యం కాకపోవచ్చు. తెల్లవాళ్లు ఎక్కువగా ధ్యానం కోసం, పుస్తకాలు చదివి వస్తారు. మోకాళ్లమీద వంగి మొక్కడం చూసి మొదట్లో ఇబ్బంది పడతారు. మొదటివాళ్లు వండకపోతే రెండోవాళ్ల ధ్యాన గురువుకు తిండి లేదు. రెండోవాళ్లు లేకపోతే ఇంగ్లిష్‌లో బోధన, స్థానికంగా గుర్తింపు, ట్రస్టులో పనిచేసే మనుషులు లేరు. ఒకే హాల్లో పక్కపక్కన కూర్చుని ఒకరి సంగతి ఒకరికి పెద్దగా తెలియకుండానే ఒకరినొకరు నిలబెడుతున్నారు. అక్టోబరు, నవంబరులో ‘కఠిన’ అనే ఉత్సవం నాడు మాత్రం అందరూ కలుస్తారు. వర్షావాసం అయిన నెలలోపు దాతలు సంఘానికి గుడ్డ ఇస్తారు, భిక్షువులు అదే రోజు దాన్ని కత్తిరించి, కుట్టి, రంగువేసి చీవరం చేయాలి.

బుద్ధుడు ఒక గృహస్థుకు చేసిన బోధ, సిగాలోవాద సుత్తంలో ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి పద్దు ఉంది: గృహస్థు శ్రమణులకు, అంటే ఇల్లు విడిచిన సన్న్యాసులకు, ఐదు విధాలుగా చేయాలి, శ్రమణులు బదులుగా ఆరు విధాలుగా చేయాలి. భిక్షువు బాకీ ఒకటి ఎక్కువ. అది బోధనతో తీరేది కొంత, ఆసుపత్రి మంచాల పక్కన, అంత్యక్రియల్లో కూర్చోవడంతో తీరేది కొంత. అమరావతి చుట్టూ గృహస్థులే నడుపుకునే ఒక సంఘం ఉంది. వాళ్లు నెలనెలా సాధన రోజులు పెట్టుకుంటారు, వాటికి భిక్షువులు ఉండి తీరాలని లేదు.

అంబేడ్కర్ అడిగిన ప్రశ్న ఇక్కడ అడగకుండా ఉండలేం. భిక్షువును బుద్ధుడు ఎందుకు సృష్టించాడు, పరిపూర్ణ మానవుడు కావడానికా, సమాజ సేవకుడు కావడానికా అని ఆయన ‘బుద్ధుడు - అతని ధమ్మం’ ఉపోద్ఘాతంలో నిలదీశారు. తన మోక్షం తను చూసుకునే భిక్షువు వల్ల బౌద్ధం ముందుకు పోదని ఆయన భావన. మన తెలుగు నేల మీద ఇవాళ బౌద్ధులైనవాళ్లలో ఎక్కువమంది ఆయన దారిన వచ్చినవాళ్లే కాబట్టి, వందెకరాల అడవిలో కూర్చున్న భిక్షువులను చూసి వాళ్లు ఇదే అడుగుతారు. దానికి అడవి సంప్రదాయం దగ్గర పూర్తి జవాబు లేదనే నేననుకుంటాను. కొంత జవాబు ఉంది. 1977లో అజాన్ చాతో పాటు లండన్ వచ్చిన అజాన్ ఖేమధమ్మో 1985లో అంగులిమాల పేరుతో బ్రిటన్ జైళ్లలో బౌద్ధ సేవా సంస్థ ప్రారంభించారు. అంగులిమాల అంటే వేళ్ల దండ వేసుకున్న హంతకుడు. అతను భిక్షువైన కథ కంటే జైలుకు సరిపోయేది లేదు. కుల వ్యవస్థను ఢీకొట్టే పని మాత్రం దీని నుంచి ఆశించలేం. అది ఈ సంప్రదాయం పుట్టిన చోట ఎదురుపడిన సమస్య కాదు.

రోజూ ఇన్ని చేతులు కలిసే చోట అధికారం ఎవరిది? పైకి చూస్తే భిక్షువుదే. ఎత్తున కూర్చుంటాడు, అందరూ మొక్కుతారు, మఠం వ్యవహారాల్లో గృహస్థుకు ఓటు లేదు. కానీ ఇద్దరి చేతిలోనూ ఒక్కో బ్రహ్మాస్త్రం ఉంది. కోశాంబిలో ఇద్దరు పెద్ద భిక్షువులకు తగవు వచ్చింది. మరుగుదొడ్డి చెంబులో నీళ్లు మిగిల్చాడన్నది కారణమని అట్టకథ, అంటే పాత వ్యాఖ్యానం, చెబుతుంది. బుద్ధుడు చెప్పినా వినకపోతే ఆయన విసుగెత్తి అడవికి వెళ్లిపోయాడు. అప్పుడు ఊరి జనం ఒక మాట మీద నిలబడి వాళ్లకు మొక్కడం, అన్నం పెట్టడం మానేశారు. బుద్ధుడి మాట చేయలేనిది ఖాళీ పాత్ర చేసింది. అందరూ శ్రావస్తికి నడిచి వెళ్లి రాజీ పడ్డారు. రెండో వైపు చూస్తే, సంఘానికి కీడు చేసిన గృహస్థు ముందు పాత్ర బోర్లించే హక్కు భిక్షువులది: నీ చేతి అన్నం మాకొద్దు అని. 2007లో బర్మాలో సైనిక పాలకుల మీద వేల మంది భిక్షువులు చేసింది అదే.

డబ్బు నియమం సడలితే ఈ తూకం చెడుతుంది. 2025 జూలైలో థాయిలాండ్‌లో పేరున్న మఠాధిపతులు కొందరు ఒక మహిళతో సంబంధాలు, బ్లాక్‌మెయిల్, గుడి సొమ్ము మళ్లింపు ఆరోపణల మధ్య చీవరాలు విడవాల్సి వచ్చింది. బ్యాంకు ఖాతా ఉన్న భిక్షువుకు ఊరి అన్నం ఆగిపోయినా నొప్పి తెలియదు.

ఆధునిక కాలంలో ఈ సంఘానికి వచ్చిన గట్టి దెబ్బ ఆడవాళ్ల విషయంలో. 1979లో చిట్‌హర్స్ట్‌లో నలుగురు స్త్రీలు తెల్లబట్టలతో చేరారు. 1928లో థాయి సంఘరాజు స్త్రీలకు దీక్ష ఇవ్వరాదని ఆజ్ఞ ఇచ్చి ఉండటంతో వాళ్లకు భిక్షుణి దీక్షకు, అంటే స్త్రీల పూర్తి దీక్షకు, దారి లేదు. మధ్యేమార్గంగా సుమేధో 1983లో పది శీలాలతో, గోధుమరంగు చీవరాలతో ‘శీలధార’ అనే కొత్త దీక్ష ఏర్పాటు చేశారు. భిక్షువుల్లాగే డబ్బు ముట్టుకోరు, పాత్రలో పడిందే తింటారు, కానీ హోదా మాత్రం భిక్షువు కంటే కింద. పాతికేళ్లు గడిచాక, 2009లో పెద్ద భిక్షువులు ఐదు షరతులు పెట్టారు. కొత్తగా చేరిన భిక్షువు కూడా అందరికంటే పెద్ద శీలధార కంటే ముందే. శీలధార దీక్ష దానికదే పూర్తి, ముందుముందు అది భిక్షుణి దీక్షగా మారుతుందని ఆశపెట్టుకోవద్దు. అదే ఏడు అక్టోబరు 22న ఆస్ట్రేలియాలోని పెర్త్ దగ్గర అజాన్ చా శిష్యుడే అయిన అజాన్ బ్రహ్మ్ నలుగురు స్త్రీల భిక్షుణి దీక్షకు అండగా నిలిచారు. పది రోజులకే అజాన్ చా పెట్టిన వాట్ నాంగ్ పా పాంగ్ మఠం పెద్దలు సమావేశమై ఆయన మఠాన్ని తమ శాఖల్లోంచి తీసేశారు.

ఇక్కడ నాకు కొరుకుడు పడనిది ఒకటి ఉంది. ఒక్కరు వద్దన్నా ఆగే సంఘం, చూసింది విన్నది అనుమానించింది చెప్పమని వేడుకునే సంఘం, ఆ ఐదు షరతుల మీద ఆ స్త్రీల మాట ఎక్కడ విన్నది? వినలేదు, ఎందుకంటే ఆ కర్మల్లో వాళ్లకు కూర్చునే చోటు లేదు. పవారణ ఎంత అందమైనదైనా, అది ఆ గీత లోపల ఉన్నవాళ్లకే. మఠాన్ని ఏళ్ల తరబడి మోసిన గృహస్థులకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, ఈ నిర్ణయాలు జరిగాకనే తెలిశాయి. కొందరు ఉత్తరాలు రాశారు. కొందరు గిన్నెలు వేరే చోటికి పట్టుకెళ్లారు.

శీలధారల్లో పలువురు వెళ్లిపోయారు. కొందరు చీవరం విడిచారు, ఇంకొందరు అమరావతిలో, చిట్‌హర్స్ట్‌లో ఉండిపోయారు. వెళ్లినవాళ్లలో ఇద్దరు అమెరికా వెళ్లి కాలిఫోర్నియాలో అలోక విహారం మొదలుపెట్టి, 2011లో భిక్షుణి దీక్ష తీసుకున్నారు. తమను కిందకు నెట్టిన వ్యవస్థ నుంచి బయటపడ్డవాళ్లు ఆ నియమాలన్నీ వదిలేసి ఉద్యోగాలు చూసుకుంటారని అనుకోవచ్చు. వాళ్లు కట్టుకున్న చోట కూడా తిండి దాతల చేతి మీదుగానే వస్తుంది.